గవాచి పిల్లి సోఫా ఎక్కింది

మే నెల మధ్యాహ్నం. కర్నూలులో ఎండ నలభై మూడు డిగ్రీలు దాటిన రోజు. నంద్యాలలో పెళ్లి భోజనం చేసి, బస్సు దిగి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి తాళం తీశాం. నట్టింట్లో ఆదోని పత్తి యార్డు కనబడింది. బోరాలు విప్పి చిమ్మినట్టు తెల్లటి తునకలు బండల నిండా పరుచుకుని, కూలర్ గాలికి మెల్లగా దొర్లుతున్నాయి. పత్తి కాదు, మా సోఫా కడుపులోని ఫోము. వాటి నడుమ ఆరు నెలల జిమ్మీ, నోట్లో ఒక ముక్క పట్టుకుని తోక ఊపుతూ నిలబడింది. ఆ సోఫాకు ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి.

"సూడు, ఎట్ల నిలబడిందో! వదిలిపెట్టి పోయినామని కసి తీర్చుకునింది" అంది మా ఆవిడ.

ఆ మాట నాకు పట్టుకుంది. పొద్దున ఎనిమిదికి గిన్నెలో అన్నం, నీళ్లు పెట్టి, కూలర్ వేసి పోయాం. ఏడు గంటలు ఒక్కటే ఉంది. ఏడు గంటలు అది చేయడానికి మేం ఏం వదిలి వెళ్లామని చుట్టూ చూస్తే సోఫా తప్ప ఇంకేమీ లేదు.

సాయంత్రం వచ్చిన వడ్రంగి ఆచారి గడప దాటకముందే అడిగాడు: "కుక్కనా సార్, పిల్లినా?" ఎట్లా తెలిసిందన్నాను. "ముందు చెదలు పట్టినాయని పిలుస్తాండిరి. ఇప్పుడు వీటికి పిలుస్తాండారు" అన్నాడు, పని సంచి దించుతూ. చిరిగిన చోట వేలు పెట్టి చూసి, పెదవి విరిచి, ఇంకో మాట కూడా అన్నాడు. "మా తాత చేసిన మంచం కోళ్లను ఏ కుక్కా ఏం చేయలేకపాయ."

మిద్దెలో ఎవరి చోటు వాళ్లది

మా తాతగారిది కోవెలకుంట్ల పక్క పల్లె. మట్టి మిద్దె. ఒకే కప్పు కింద ముందు సగంలో ఎద్దులు, ఒక మెట్టు ఎక్కితే మనుషులు. కుక్క అరుగు మీద. పిల్లి మాత్రం ఎవరినీ అడిగేది కాదు. వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాచిలోంచి దూలం మీదికి, దూలం మీంచి గింజల గాదె మీదికి దిగేది. ఎలుకలు పట్టడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరూ పెంపుడు జంతువు అనలేదు.

ఆ ఇంట్లో సామాను ఎంత? రెండు నులక మంచాలు, పెద్దాయనకు ఒక పట్టె మంచం, పీటలు, ఒక భోషాణం. మిగిలిన సామాను గోడలోనే ఉండేది, గూళ్ల రూపంలో. అరలు కావాలంటే గోడలోకి నల్ల కడప బండ దిగేసేవాళ్లు. దాన్ని కొరికే కుక్క, గీకే పిల్లి ఇంకా పుట్టలేదు. నులక తెగితే ఇంట్లో ఎవరో ఒకరు మధ్యాహ్నం కూర్చుని మళ్లీ అల్లేవాళ్లు. మేకపిల్ల ఎగిరి దూకినా, కోడి రెట్ట వేసినా, మంచాన్ని ఎత్తి ఎండలో నిలబెడితే సాయంత్రానికి కొత్తది.

పాల సంగతి వేరు. పిల్లికి అందకుండా ఉట్టి కట్టేవాళ్లు. నాకు ఆ ఉట్టి మీద ఇప్పుడు గౌరవం పెరిగింది. తెలుగువాళ్లు పిల్లిని కట్టేయలేదు, పాలను పైకి కట్టారు.

ఆ కాలం అంతా బంగారమని నేననను. అరుగు మీది కుక్క వానకు తడిసేది, జబ్బు చేస్తే చచ్చిపోయేది. పిల్లి పిల్లలను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలిరావడం నేను చూశాను. కానీ ఫర్నిచరుకూ జంతువుకూ తగాదా మాత్రం ఉండేది కాదు. ఎందుకంటే ఒకటి రాయి, ఒకటి మట్టి, ఒకటి తాడు. మిద్దె పోయి కాంక్రీటు స్లాబు వచ్చింది, గవాచి మూతబడింది, మంచం పోయి సోఫా వచ్చింది. దాదాపు అదే కాలంలో కుక్క కూడా అరుగు దిగి హాల్లోకి వచ్చింది. మొదట తెల్లటి పామేరియన్లు, తర్వాత లాబ్రడార్లు, ఇప్పుడు షిట్జులు. కడపలో ఒక డాబా మీద హస్కీని చూశాను. మంచులో బండి లాగడానికి పుట్టిన కుక్క అది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ గది దాటదు. ఆ గదిలో ఉన్న మంచం సంగతి వేరే చెప్పాలా?

చెప్పు, సింహాసనం

కుక్క చెప్పు తినడం వేమన పద్యంలోనే ఉంది. 1820లో కడపకు కొలువుకు వచ్చి, 1829లో ఆ పద్యాలను అచ్చువేసిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆ దొర చెప్పులు ఏ కడప కుక్కైనా కొరికిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. ఇక సుమతీ శతకకారుడైతే కుక్కను ఏకంగా బంగారు సింహాసనం ఎక్కించాడు. అందరూ ఆ పద్యాన్ని తిట్టుగా వాడతారు. నాకిప్పుడు అందులో ఫర్నిచరు సలహా ఒకటి కనబడుతోంది: కుర్చీ ఎక్కించేవాడు తన కుర్చీ సంగతి ముందే చూసుకోవాలి.

కుక్కపిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది. మూడో నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఆరేడు నెలలకు నలభై రెండు గట్టి పళ్లు వస్తాయి. ఆ మధ్య కాలమంతా చిగుళ్లు జిలపెడతాయి. దేన్నో ఒకదాన్ని కొరకాలి, తప్పదు. ఆ వయసులో "కొరకొద్దు" అని చెప్పడం వృథా, "ఇది కొరుకు" అని చెప్పడమే పని. పాత గుడ్డను తడిపి, పేని, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చిగుళ్లకు చల్లగా ఉంటుంది, మన ఎండలకు అదే దానికి ఐసుఫ్రూటు. గుడ్డ పీలికలు మింగకుండా మనం దగ్గర ఉండాలి. క్యారెట్ ఇవ్వొచ్చు, గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వొచ్చు. పాత చెప్పు మాత్రం ఇవ్వకూడదు. మనకు పాత చెప్పు, కొత్త చెప్పు వేరు. దానికి రెండూ తోలే. ఉడికించిన కోడి ఎముకలూ వద్దు. అవి సూదుల్లా చీలి లోపల గుచ్చుకుంటాయి.

మా ఆవిడ అన్న "కసి" దగ్గరికి మళ్లీ వస్తాను. తప్పు చేసిన కుక్క తల దించుకుని, చెవులు వాల్చి, ఓరగా చూస్తుంది కదా, ఆ చూపు నిజంగా తప్పు ఒప్పుకోవడమేనా అని న్యూయార్క్‌లో బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ పరీక్షించింది. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. తినొద్దని చెప్పి యజమాని బయటికి పోతాడు. తిరిగొచ్చాక కొందరికి కుక్క తినేసిందని, కొందరికి తినలేదని చెప్తారు. చెప్పింది ప్రతిసారీ నిజం కాదు. తేలిందేమిటంటే, ఆ దీనమైన చూపు తిన్నదానికీ తిననిదానికీ సంబంధం లేకుండా, యజమాని తిట్టినప్పుడు ఎక్కువగా వచ్చింది. అంటే మనం చూసేది పశ్చాత్తాపం కాదు, మన గొంతుకు భయం. పొద్దున కొరికిన దానికి సాయంత్రం కొడితే, ఆ దెబ్బ దాని లెక్కలో మనం ఇంటికి రావడానికి పడిన దెబ్బ. రేపటి నుంచి మనం గేటు తీస్తేనే దానికి గుబులు. గుబులు పుట్టిన కుక్క ఇంకా ఎక్కువ కొరుకుతుంది.

మా ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. బెంగళూరు కుక్కకు మే నెలలో సాయంత్రం ఐదుకు షికారు దొరుకుతుంది. మా వాటికి దొరకదు. తారు రోడ్డు పాదాలను కాలుస్తుంది. మన అరచేతి వెనక భాగం రోడ్డు మీద అయిదారు సెకన్లు పెట్టి ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు. పొద్దున ఆరున్నర లోపు, రాత్రి చీకటి పడ్డాక, అంతే. మధ్యలో పన్నెండు గంటల బలం దాని కాళ్లలోనే ఉండిపోతుంది. ఆ బలం పన్నులోకి వస్తుంది. అందుకే మా ఇళ్లలో సోఫాలు ఎక్కువగా చిరిగేది ఎండాకాలంలోనే అని నా అనుమానం.

దానికి మేం కనుక్కున్న విరుగుడు జొన్న రొట్టె. నిన్నటి రొట్టె గట్టిగా ఎండి ఉంటుంది కదా, దాన్ని తునకలు చేసి, చెనిక్కాయల గోనెసంచి మడతల్లో దాచి, బయటికి పోయేముందు ఇస్తాం. వాసన పట్టి వెతకడం కుక్కకు పెద్ద పని. పదిహేను నిమిషాలు ముక్కుతో పనిచేస్తే రెండు వీధులు తిరిగినంత అలుపు దానికి. ఆ తర్వాత బండల మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. గమనించారా, ఎండాకాలంలో కుక్కకు సోఫా అక్కర్లేదు, చల్లటి నాపరాయి కావాలి. సోఫా దానికి డిసెంబరు సరుకు. అప్పుడు మూలన ఒక పాత కంబళి పరిస్తే తగాదా తీరుతుంది.

కట్టేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. పొద్దస్తమానం పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం క్రూరత్వమే. చట్టం మాట అటుంచి, అది పనికి కూడా రాదు. విప్పిన అరగంటలో వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

శిక్ష కన్నా అవసరం తీర్చడమే మేలన్న సంగతి చేలో డ్రిప్పు పైపులు వేసిన రైతులకు బాగా తెలుసు. ఉడతలు, ఎలుకలు నీళ్ల కోసం పైపులను కొరుకుతాయి. మందు పెట్టి చంపబోతే ఇంకో పది వస్తాయి. గట్టు మీద చిప్పల్లో నీళ్లు పెట్టి పైపులను కాపాడుకున్న రైతులున్నారు. పైపు మీద కోపం వాటికి లేదు, దాహం ఉంది.

కిత్తనార కంబం

పిల్లి ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగే ఇళ్లూ ఉన్నాయి, కర్నూలు పాతబస్తీలో, కడప పెద్ద దర్గా చుట్టుపక్కల వీధుల్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టే ముస్లిం ఇళ్లూ ఉన్నాయి. ప్రవక్త సహచరుల్లో ఒకాయన పేరు అబూ హురైరా. అంటే పిల్లిపిల్ల తండ్రి అని. ఈ మధ్య అన్ని ఇళ్లలోకీ పర్షియన్ పిల్లులు వస్తున్నాయి, మా ఎండకు ఆ బొచ్చేమిటో నాకు అర్థం కాదు.

పిల్లి సోఫా మూలను గీకేది గోరు పదును పెట్టుకోవడానికి అంటారు. సగమే నిజం. గోరు మీది పాత పొర ఊడటానికి గీకుతుంది. నిద్ర లేచి నడుము సాగదీయడానికి గీకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని పాదాల మెత్తల మధ్య వాసన గ్రంథులున్నాయి. గీకిన చోట ఆ వాసన అంటుకుని "ఇది నా ఇల్లు" అని బోర్డు కట్టినట్టవుతుంది. బోర్డు ఎవరైనా ఎక్కడ కడతారు? నలుగురూ చూసే చోట. అందుకే హాల్లో, గుమ్మం పక్కన, సోఫా చేతి మీద. దాని కోసం గీకుడు కంబం కొని తెచ్చి మేడ మీద మూలన పెట్టి, "వాడట్లేదండీ" అంటే లాభం లేదు. మన వీధి దుకాణం బోర్డును చెరువు గట్టున పెడతామా?

అంగట్లో దొరికే ఆ కంబాలకు చుట్టేది సిసల్ నార. మెక్సికోలో యుకటాన్ తీరాన సిసల్ అనే రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి ఆ పేరు. ఆ మొక్క మన కిత్తలి జాతిదే. రైలు పట్టాల పక్కన, చేల గట్ల మీద ముళ్ల మట్టలతో ఉంటుందే, పల్లెల్లో నార తీసి తాళ్లు పేనేది దాని నుంచే. అంటే మా తాత నులక మంచం తాడును పిల్లి గీకినప్పుడు, పెట్టెలో పెట్టి అమ్మే వస్తువునే అది ఉచితంగా వాడుకుంది.

మా ఇంట్లోని పిల్లి కోసం ఆచారి చేత నేనొకటి చేయించాను. మూడడుగుల దుంగ, దానికి కిత్తనార తాడు సందు లేకుండా బిగించి చుట్టి, అడుగున కడప బండ ముక్క. బండ ఎందుకంటే కంబం ఊగకూడదు. పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లంతా సాగదీసి లాగుతుంది. ఒకసారి ఊగి మీద పడితే మళ్లీ దాని మొహం చూడదు. ఎత్తు కూడా అందుకే అంత. దాన్ని సోఫా మూలకు ఆనించి పెట్టి, సోఫా చేతికి రెండు వైపులా అంటుకునే టేపు వేశాం. పాదానికి జిగురు తగిలితే పిల్లికి అసహ్యం. మూడు వారాల్లో కంబానికి మారింది. తర్వాత రోజుకు బెత్తెడు చొప్పున పక్కకు జరుపుకుంటూ వచ్చాం. పక్కింటావిడ చూసి, దుంగ ఎందుకని, ఉన్న బల్ల కోడుకే గోనెసంచి చుట్టి కట్టింది. వాళ్ల పిల్లికి అదీ నచ్చింది.

గోళ్ల కొనలు రెండు మూడు వారాలకోసారి కత్తిరించవచ్చు. లోపల గులాబీ రంగు కనబడే చోట రక్తనాళం ఉంటుంది, దాని జోలికి పోకూడదు. కొందరు గోళ్లే తీయించేస్తే పోలా అని అడుగుతారు. అది గోరు తీయడం కాదు, వేలి చివరి ఎముక నరకడం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది. సోఫా కోసం పది వేళ్లు నరికే ఆలోచన వచ్చినవాళ్లు సోఫా అమ్మేయడం మంచిది.

వాసన, రాయి, మందు

తడి సంగతి కర్నూలు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చి పోయాక ఏ బీరువా నిలిచింది, ఏది బిస్కెట్టులా ఉబ్బింది అందరూ చూశారు. రంపపు పొట్టు, చెక్క తునకలు జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డుకు వరదే రానక్కర్లేదు. కుక్క రోజూ ఒకే కాలు దగ్గర ఒంటికి పోసినా చాలు, ఆర్నెల్లలో అడుగు విచ్చుకుంటుంది.

మూత్రం పడిన చోట వాసన మిగిలితే అది మళ్లీ అక్కడికే వస్తుంది. ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాట్లు చాలా ప్రమాదకరమైనవి, అందుకే కాస్త ఆగి చెప్తాను. బ్లీచింగ్ వాడొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులను కాల్చే వాయువు పుడుతుంది. నల్ల ఫినాయిల్ పిల్లికి విషం. పాదాలకు అంటింది నాకుతుంది, దాని కాలేయానికి ఆ మందును విరిచే శక్తి లేదు. కుక్క ఎక్కకూడదని సోఫా సందుల్లో నాఫ్తలిన్ ఉండలు పెట్టేవాళ్లున్నారు. ఒక్కటి మింగినా కుక్కకు ఆస్పత్రే. నీలగిరి తైలం చల్లడం పిల్లులకు చేటు. కారం చల్లే పద్ధతి మాత్రం అచ్చంగా మా సీమ తెలివి. అది ముక్కుకూ కళ్లకూ మంట పెడుతుంది, కూలర్ వేయగానే మనకూ పెడుతుంది. చేదే కావాలంటే 1958లో ఎడిన్‌బరోలో అనుకోకుండా దొరికిన డెనటోనియం అనే పదార్థంతో చేసిన స్ప్రేలు ఉన్నాయి. లోకంలో అంత చేదు వస్తువు లేదంటారు. కొన్ని కుక్కలు దాన్ని కూడా చప్పరించి కొరుకుతాయి, అది వేరే సంగతి.

ఇంకొకటి. వాసనకు నిమ్మరసమో వెనిగరో పోయమని చెప్పే చిట్కా మన బండల మీద పనికిరాదు. కడప రాయి, బేతంచెర్ల రాయి రెండూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలిన చోట నిగారింపు తినేసి తెల్ల మచ్చ మిగులుతుంది. బండ మీదైతే ముందు గుడ్డతో ఒత్తి తడి తీసి, మెత్తటి సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. సోఫా గుడ్డ మీదైతే వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి దులపాలి. మొండి వాసనకు ఎంజైములుండే ద్రావణాలు దొరుకుతున్నాయి.

పోతుపిల్లి గోడకూ సోఫాకూ చిమ్ముతుంటే ఎన్ని తుడిచినా తరగదు. సంతానం కలగకుండా ఆపరేషన్ చేయిస్తే పదింటిలో ఎనిమిది తొమ్మిది మానేస్తాయి. పశువైద్యుడంటే ఎద్దుకూ ఎనుముకూ గొర్రెకూ అనుకునే జిల్లాలు మావి. 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చింది. కుక్కను తీసుకుపోతే జనం నవ్వే రోజులు పోయాయి.

నవ్వు సంగతి కాదు, మా జిమ్మీనీ ఆ రాత్రి తీసుకుపోవాల్సి వచ్చింది. ఫోము మింగింది. తిండి మానేసి, వాంతులు చేసుకుని, దొడ్డికి పోకపోతే ఆగకూడదు. పేగులో ముక్క అడ్డుపడిందేమో చూడాలి. పిల్లులకైతే దారం, రబ్బరు బ్యాండు ఇంకా ప్రమాదం. మా దాని అదృష్టం, రెండో రోజుకు ఫోము బయటికొచ్చింది. అప్పటిదాకా మా ఆవిడ సోఫా ఊసే ఎత్తలేదు.

రామచిలుకలు కిటికీ చట్రాలు కొరుకుతున్నాయని ఒక మిత్రుడు అడిగాడు. దానికి ఒకటే జవాబు. చిలుకను ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్రం తర్వాత చూసుకుందాం, ముందు చిలుకను అటవీశాఖకు అప్పగించు అన్నాను.

బోరు పైపు

కొత్త సోఫా కొనబోయే వాళ్లకు ఆచారి చెప్పేవి రెండే మాటలు. ఉచ్చులు తేలిన ముతక గుడ్డ వద్దు, గోరు దిగి దారం లాగుతుంది. వెల్వెట్ లాగా దగ్గరగా నేసినదైతే గోరుకు పట్టు దొరకదు. రెగ్జిన్ మరీ వద్దు, మన ఎండకు కుక్క ముట్టకముందే పెచ్చులూడుతుంది. కాళ్లు టేకువైతే కొరికిన చోట చిత్రిక పట్టి మళ్లీ పాలిష్ పెట్టొచ్చు. బోర్డు కాళ్లైతే పారేయడమే. పైన పరచడానికి ఆదోని జంపఖానా లాంటి ఒత్తు నేత దుప్పటి ఒకటి ఉంటే వెంట్రుకలు దులపడం తేలిక.

మా సోఫా కాళ్లకు మాత్రం ఆయన వేసింది చూసి నేను నవ్వాను. సీమలో ప్రతి ఇంటి పెరట్లో బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ పైపు ముక్క ఒకటి పడి ఉంటుంది. దాన్ని జానెడు తునకలుగా కోసి, నిలువునా చీల్చి, నాలుగు కాళ్లకూ తొడిగాడు. పిల్ల పళ్లు జారిపోతాయి, పట్టు దొరకదు. "పళ్లొచ్చినంక పీకి పారేయండి" అన్నాడు. జిమ్మీకి ఇప్పుడు ఏడాదిన్నర. పైపులు ఇంకా ఉన్నాయి. చుట్టాలొస్తే ఇది కొత్త ఫ్యాషనా అని అడుగుతున్నారు.

సోఫా కుట్టించాం. జంపఖానా కప్పాం. మధ్యాహ్నం హాల్లో దాని మీద ఎవరూ కూర్చోరు, ఉక్క. జిమ్మీ గుమ్మం దగ్గర బండ మీద నాలుగు కాళ్లూ చాపి పడుకుంటుంది. నేనూ దాని పక్కనే చాప వేసుకుంటాను. మేడ మీద నీడన తాతగారి నులక మంచం ఉంది, ఊరి నుంచి తెచ్చింది. కంబం ఉన్నా సరే, రోజుకోసారి పిల్లి పైకెక్కి ఆ మంచం కోడును గీకి వస్తుంది. ఎవరమూ ఏమీ అనం.